మర్చిపోవడానికి ఒక రూపాయి

మొన్న సాయంత్రం పునుగుల పొట్లం విప్పితే అడుగున ఒకాయన పాన్ కార్డు జిరాక్సు కనిపించింది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, సంతకం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఫొటోలో మీసం దగ్గర మాత్రం కాస్త అల్లం చట్నీ అంటుకుంది. ఆయనెవరో నాకు తెలీదు. కానీ ఎప్పుడు పుట్టాడో తెలుసు, సంతకంలో చివరి గీత ఎంత పొడుగు లాగుతాడో కూడా తెలుసు. తినడం ఆపి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాను. పక్కన నిలబడి తింటున్నవాడు నావైపు అదోలా చూశాడు. ఈ పిచ్చి నాకు ఆవిడ అంటించింది. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది.

నర్సీపట్నంలో బస్సు కాంప్లెక్సుకి ఎదురు సందులో ఆవిడది జిరాక్సు షాపు. పక్కనే నాది రక్తపరీక్షల ల్యాబు. పదేళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ బతికాం. ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఊరుకునే మనిషి కాదు. "నా పేరు ఏ పనికి గావాల్సొచ్చిందండీ?" అని అడిగేది, జవాబు చెప్పేదాకా వదిలేది కాదు.

కాగితం చేతికివ్వగానే ఆవిడ చేసే మొదటి పని ముక్కు మీద కళ్ళజోడు తీసేయడం. దానికో నల్లతాడు ఉండేది, మెడలో వేలాడేది. కళ్ళజోడు లేకపోతే ఆవిడకి దగ్గర అక్షరం ఒక్కటి కూడా ఆనదు. తీసేశాక, "ఊఁ, ఇప్పుడియ్యండి" అనేది. కాగితం అంచు బొటనవేలితో తడిమి అద్దం మీద సరిగ్గా పెట్టేది. ఒక్క కాపీ కూడా వంకర రాగా నేను చూడలేదు. విడాకుల కాగితాలైనా, పదో తరగతి మార్కులైనా, వీలునామా అయినా ఆవిడకి అంచులూ మూలలూ తప్ప మరేమీ తెలియవు.

మొదట్లో నాకిది నాటకంలా అనిపించేది. ఒకసారి ఉండబట్టలేక అనేశాను. "పచ్చ బటను నొక్కడానికి ఇంత తతంగం దేనికండీ?"

"పచ్చ బటను మా ఇంటి పిల్లి కూడా నొక్కుతాది. సదవకుండా నొక్కడమే పని" అంది. అక్కడితో ఆగితే ఆవిడెందుకవుతుంది? "మీరు మాత్రం? సూది గుచ్చి రగతం తియ్యడం దోమకి రాదేటి?"

బీఎస్సీ చదివి, ల్యాబు డిప్లొమా చేసి, గోడకి రెండు సర్టిఫికెట్లు తగిలించుకున్న మనిషిని నేను. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఆవిడ మాత్రం ఆ తర్వాత కూడా నన్ను "డాక్టరుగారూ" అనే పిలిచేది. నేను డాక్టర్ని కానని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసని నాకూ తెలుసు. ఆ 'గా'ని కాస్త సాగదీసి మరీ పిలిచేది.

సందు చివర ఇంకో షాపులో కాపీకి రూపాయి. ఈవిడ దగ్గర రెండు. కొత్తగా వచ్చినవాళ్ళు ఎగిరేవాళ్ళు. "ఆ రెండో రూపాయి ఏటికండీ?" అంటే, "మొదటిది కాపీకి. రెండోది మర్చిపోడానికి" అనేది. సగం మంది తిట్టుకుంటూ సందు చివరికి పోయేవాళ్ళు. మిగిలిన సగం మంది మీద ఆవిడ బతికింది. బాగా బతికిందని చెప్పలేను. వేసవిలో కూలరు కొంటానని మూడేళ్ళు అంది, కొనలేదు.

ఆధారు కాపీ ఊరికే ఇచ్చేది కాదు. పెన్ను చేతికిచ్చి, "ఏ పనికో అడ్డంగా రాసి సంతకం ఎట్టండి" అనేది. సిమ్ కార్డుకి మాత్రమే. గ్యాసు కనెక్షనుకి మాత్రమే. ఒక పెళ్ళికొడుకు తండ్రి విసుగొచ్చి 'పెళ్ళి సంబంధం కోసం మాత్రమే' అని రాశాడు. ఆవిడ నవ్వలేదు సరికదా, మంచి పని చేశారని మెచ్చుకుంది. గొలుగొండ మీదుగా కొండల్లోంచి వచ్చే గిరిజనులు రేషను కార్డుల్ని పాలిథిన్ కవర్లో చుట్టి, దాన్ని మళ్ళీ తువ్వాల్లో మూటకట్టి తెచ్చేవాళ్ళు. వాళ్ళకి ఆ చదువూ ఈ సంతకమూ రాకపోతే ఆవిడే అక్షరాలు కూడబలుక్కుంటూ రాసి వేలిముద్ర వేయించేది. అప్పుడు మాత్రం కళ్ళజోడు పెట్టుకునేది, ముందు వాళ్ళని అడిగి మరీ. వెనకాల లైనులో గవర్నమెంటు ఉద్యోగులు బస్సు పోతోందని గోల పెట్టేవాళ్ళు. "పోనీండి, ఎనకాల ఇంకోటి వస్తాది" అనేది.

ఓటీపీల గొడవ వేరు. మనవాళ్ళకి ఫోనులో నంబరు రాగానే అది పక్క వీధికి వినపడేలా చదవడం అలవాటు. ఎవరైనా "నాలుగు, ఏడు..." అని మొదలుపెట్టగానే ఆవిడ స్టీలు గ్లాసు తీసి బల్లమీద టకటకా కొట్టేది. ఆరంకెలూ అయ్యేదాకా ఆపేది కాదు. గోడ ఇవతల నేను రక్తకణాలు లెక్కపెట్టుకుంటూ ఉంటే ఆ చప్పుడుకి లెక్క తప్పిపోయేది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. ఈ విషయమై మేం చాలాసార్లు దెబ్బలాడుకున్నాం.

ఒకసారి విశాఖపట్నం నుంచి టై కట్టుకున్న అబ్బాయి ఒకడు కొత్త మిషను అమ్మడానికి వచ్చాడు. తీసిన ప్రతి కాగితం లోపల హార్డ్ డిస్కులో దాచుకుంటుందట. నెల తర్వాత కావాలన్నా మళ్ళీ బయటికి తీయొచ్చట. ఆవిడ ఆసాంతం విని, "మరి మర్చిపోడానికి ఏ బటను నొక్కాల?" అని అడిగింది. వాడు పుస్తకం అంతా తిరగేశాడు. ఆఫీసుకి ఫోను చేశాడు. ఆఫీసువాళ్ళు ఇంకో ఆఫీసుకి చేశారు.

"గుర్తెట్టుకునే మిషను నాకేటికి బాబూ? గుర్తెట్టుకోడానికి ఊరంతా ఉంది" అని వాడికి టీ ఇప్పించి పంపేసింది.

ఇక చెడిపోయిన కాపీల సంగతి. అన్ని జిరాక్సు షాపుల్లోనూ అవి పాత కాగితాలవాడికి పోతాయి, అక్కణ్ణుంచి బజ్జీల బళ్ళకి పోతాయి. ఆవిడ ఒక్క ముక్క బయటికి పోనిచ్చేది కాదు. బకెట్టు నీళ్ళలో నానబెట్టి ఆదివారాలు ఇంటికి తీసుకెళ్ళేది. నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బి, ఆ ముద్దని వెదురు చేటలకీ బుట్టలకీ పూసేది. పాత పద్ధతే, మా అమ్మమ్మ కూడా చేసేది. కాకపోతే మా అమ్మమ్మ పాత పేపర్లు వాడేది, ఈవిడ ఊళ్ళోవాళ్ళ ఆధార్లు వాడేది. మా ఇంట్లో బియ్యం చెరిగే చేట ఆవిడిచ్చిందే. ఎంతమంది కులాలూ ఆదాయాలూ అందులో ఉన్నాయో ఎవరూ చెప్పలేరు.

అందుకే, "మీ ల్యాబులో పాడైన రిపోర్టులు ఆ అట్టపెట్టెలో ఏస్తన్నారు కదా, అవి నాకిచ్చీండి" అని ఆవిడ రెండుమూడుసార్లు అడిగినప్పుడు నేను ఒకటే అనుకున్నాను: ఈవిడకి చేటలకి కాగితం చాలడం లేదు, నా దగ్గర ఊరికే కొట్టేద్దామని చూస్తోంది. నేనంత వెర్రివాణ్ణా? అవి తూకానికి అమ్ముకుంటే నా టీ ఖర్చులకి వస్తాయి. నవ్వి ఊరుకున్నాను.

రెండేళ్ళ కిందట వానలు మొదలయ్యే ముందు మా ప్రింటరు మొండికేసింది. ప్రతి రిపోర్టూ రెండుసార్లు మసకగా వచ్చి మూడోసారికి సరిగ్గా వచ్చేది. బాగుచేయడానికి అడిగిన డబ్బు విని, ఇంకొన్నాళ్ళు ఇలాగే లాగిద్దాం అనుకున్నాను. అట్టపెట్టె తొందరగా నిండింది. తీసుకెళ్ళి పాత కాగితాలవాడికి ఇచ్చేశాను. వ్యాపారం చేయడం నాకూ వచ్చని ఆ పూట సంతోషపడ్డాను కూడా.

మూడో రోజు సాయంత్రం నాలుగు దాటాక ఆవిడ మా ల్యాబులోకి వచ్చింది. గోడ అవతలి నుంచి అరవడమే గాని లోపలికి ఎప్పుడూ రాని మనిషి. నన్ను పక్కకి పిలిచి, నూనె ఓడుతున్న మడత కాగితం ఒకటి చేతిలో పెట్టింది.

"మీ ల్యాబు పేరు పెద్దచ్చరాలు గాబట్టి ఆనింది. కళ్ళజోడెట్టుకుని మనిషి పేరు దాకా సదివాను. కింద సదవలేదు. ఆవిడ నాకు తెలుసు" అంది.

విప్పి చూశాను. కోటవురట్ల దగ్గర ఒక ఊరి బళ్ళో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండే ఆమె రిపోర్టు అది. రక్తంలో ఉండిపోయే రకం కామెర్లు ఆమెకి ఉన్నట్టు వచ్చింది. అది వండితే అంటదు, వడ్డిస్తే అంటదు, పక్కన కూర్చుంటే అంటదు. డాక్టరు కూడా ఆరునెలలకోసారి పరీక్ష చేయించుకుంటే చాలన్నాడు. కానీ 'పాజిటివ్' అన్న మాట అంత లావు అక్షరాల్లో ఉంటే, పిల్లలకి అన్నం పెట్టే మనిషిని ఊరు ఒక్క పూట ఉంచుతుందా?

"ఇలాంటివి ఇంకెన్ని?" అంది.

"ఈమెదే ఇంకోటుంది. మిగతావాళ్ళవి బోలెడు."

"ఈ బజ్జీలు నేను కొన్నది కోటవురట్ల బస్సాగే కాడ. ఆ బడి మాష్టర్లు దిగేది అక్కడే, తినేదీ అక్కడే. నడండి బేగి. ముందా తెల్లకోటు ఇప్పండి, ఏటో రోగమొచ్చిందని జనం పోగవుతారు."

బండి దగ్గర మా ల్యాబు కాగితాల కట్ట మీద రాయి పెట్టి ఉంది. ఆ కట్ట ఇచ్చేయమని అడుగుదామని నోరు తెరిచాను. ఆవిడ నా కాలు తొక్కింది. అడిగితే ఎందుకని బండివాడు చదువుతాడు, చదివితే ఊరంతా తెలుస్తుంది.

"ఉన్న బజ్జీలన్నీ కట్టీ నాయనా. ఒక్కో బజ్జీకి ఒక్కో పొట్లం. కాగితానికి ఎనకాడకు" అంది వాడితో.

"ఏటమ్మా, ఇంట్లో పెళ్ళా?"

"డాక్టరుగారి ల్యాబుకి పదేళ్ళు నిండాయి. పరీక్షలకొచ్చినోళ్ళకి పంచుతారంట."

షుగరుకీ కొలెస్ట్రాలుకీ రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ళకి మిరపకాయ బజ్జీలు పంచే ల్యాబు దేశం మొత్తమ్మీద నాదే అయ్యుంటుంది. నేను తలూపాను.

వాడు పొట్లాలు కడుతున్నాడు, నేను సంచిలో వేస్తున్నాను. ఇంతలో ఆవిడ మోచేత్తో పొడిచింది. బల్ల మీద ఒకాయన అప్పటికే కూర్చుని తింటున్నాడు. ఆమె వండే బడి హెడ్మాష్టరు. అరచేతిలో కాగితం, దాని మీద రెండు బజ్జీలు, బజ్జీల కింద నుంచి మా ల్యాబు నీలం గీత తొంగిచూస్తోంది. ఆయన మొదటి బజ్జీ ఎత్తి నోట్లో పెట్టుకుని, తీరిగ్గా చేతిలోకి చూశాడు. చదువుకున్నవాళ్ళకి అదో రోగం, ఏ కాగితం కనపడినా చదువుతారు.

"అయ్యో మాష్టారూ, బొద్దింక!" అని ఆవిడ ఒక్క అంగలో వెళ్ళి ఆ కాగితం బజ్జీతో సహా లాక్కుంది. బజ్జీని కాలవలోకి విసిరింది. కాగితం గుప్పిట్లో ఉండ అయిపోయింది.

"నా బండి మీద బొద్దింకేటి?" బండివాడు గరిటెతో లేచాడు.

"నేను కాదు, డాక్టరుగారే సూశారు."

"చూశాను" అన్నాను. ఇంతింత అని చేత్తో కొలత కూడా చూపించాను.

హెడ్మాష్టరు కాలవలో తేలుతున్న బజ్జీ వంక దిగులుగా చూసి, "అది మీ ల్యాబు కాగితమేనాండీ? పైన మీ పేరే ఉంది" అన్నాడు. ఆవిడే అందుకుంది. "అచ్చు తప్పులు వచ్చిన ఉత్త కాగితాలండి. ఈయన పిసినారితనం ఊరందరికీ తెలిసిందే కదా, అవీ అమ్ముకుంటారు." ఆయన నవ్వి ఇంకో రెండు బజ్జీలు చెప్పాడు. అప్పటికి మా కట్ట అయిపోయింది, ఈసారి ఆవిడ ఆకులో పెట్టించింది.

షాపుకి తిరిగొచ్చి షట్టరు సగం దించి పొట్లాలన్నీ విప్పాం. ఆవిడ కళ్ళజోడు తీసేసి కూర్చుంది, నేను చదివి బకెట్టులో వేశాను. వంటామె రెండో కాపీతో సహా ఒక్కటి కూడా తగ్గలేదని రిజిస్టరుతో సరిచూసి తేల్చుకున్నాక నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. ఆ సాయంత్రం గొలుగొండ బస్సెక్కినవాళ్ళందరి చేతుల్లోనూ మేం ఉత్త తెల్లకాగితంలో చుట్టి పంచిన బజ్జీలున్నాయి.

"మిమ్మల్ని ఈ జన్మలో మర్చిపోను" అన్నాను.

"నన్నొదిలీండి. ఆ వంటావిడకి సెప్పాల" అంది.

"దొరికేశాయి కదండీ. ఇప్పుడు చెప్పి భయపెట్టడం ఎందుకు?"

"కాగితం మీదీ కాదు, నాదీ కాదు, ఆవిడిది. ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో ఆవిడికి తెలియాల."

"పోనీ మీరే చెప్పండి. బడి వంట బిల్లుల జిరాక్సులకి మీ షాపుకి వస్తూంటుంది కదా."

"నేను సదవలేదు కదండీ. ఏటుందో తెలీకుండా ఏటి సెప్పను?"

చెప్తానన్నాను. చెప్పలేదు. ల్యాబు పేరు పోతుందని భయం, అంతకన్నా ఆమె మొహం చూడలేనన్న భయం. వారానికోసారి గోడ అవతలి నుంచి "సెప్పారా?" అని వినిపించేది. మూడోసారో నాలుగోసారో "చెప్పాను" అనేశాను. ఆవిడ షాపులోంచి బయటికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని నన్ను దగ్గరగా చూసింది. "ఏటంది?" అని అడిగింది. ఏమీ అనలేదన్నాను. సరేనని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడే కొత్త ప్రింటరు కొన్నాను, పాడైన కాగితాలు ఆవిడ బకెట్టుకే ఇచ్చాను. దాంతో చెల్లిపోయిందనుకున్నాను.

తర్వాత చాన్నాళ్ళకి జ్వరం తగ్గకపోతే ఆవిడే రక్తం ఇవ్వడానికి వచ్చి కూర్చుంది. "డాక్టరుగారూ, ఇది మాత్రం మీరు సదవాల్సిందే. మీతో ఇదే సిక్కు" అంది. చదివాను. నెల తిరక్కుండా పోయింది. షట్టరు మీద తాళం చూసి నేను ల్యాబులో వెనక్కి తిరిగి కూర్చుని ఏడ్చాను.

ఆవిడ పోయిన రెండు నెలలకి ఆ వంటామె పరీక్షకి వచ్చింది. రెండు పరీక్షలు ఎగ్గొట్టి వచ్చింది. ఎందుకు రాలేదని కోప్పడ్డాను. ఆమె బల్ల అంచు గీరుతూ చెప్పింది.

"జిరాక్సమ్మగారు నేనెళ్ళినప్పుడల్లా అడిగేదండి, ల్యాబు బాబు నీకేటైనా సెప్పారా అని. లేదండీ, ఏటది అంటే, ఆయనే సెప్తారు అనేది. ఇంకో మాట సెప్పేది కాదు. నా రగతంలో ఏటో పెద్దదొచ్చింది, మీరు సెప్పలేక ఊరుకున్నారని నాకర్థమైపోనాది. ఇంక రాబుద్ధి కాలేదండి."

అంటే నేను "చెప్పాను" అన్న రోజు నుంచీ ఆవిడకి తెలుసు. తెలిసీ ఈమెతో నా సంగతి ఒక్క ముక్క అనలేదు, నాతో అబద్ధమనీ అనలేదు. నా కాగితం కూడా కళ్ళజోడు తీసే పట్టుకుంది.

స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. ప్రింటరు, అట్టపెట్టె, బజ్జీలు, హెడ్మాష్టరు, అన్నీ. ఆమె రెప్పవేయకుండా విని, "ఇంతేనాండీ?" అంది.

"ఇంతే."

"నేను సచ్చిపోతాననుకున్నానండి. నా తరవాత బడి వంట దానికైనా ఉంటాదని మా అమ్మాయిని కాలేజీ మానిపించీసాను. పొయ్యి కాడ నా కూడా తిప్పుకుంటన్నాను. డిగ్రీ మొదటేడు దాటి రెండోది సదువుతుండేదండి." నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని కూర్చున్నాను.

మర్నాడు ల్యాబు మూసేసి తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళాను. ప్రిన్సిపాలు గారికి తప్పు నాదని చెప్పాను. మళ్ళీ చేర్చుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ పిల్ల ఆధారు, మార్కుల జాబితాలు, కులం సర్టిఫికెట్టు, మూడేసి జిరాక్సులు కావాలన్నారు. కాగితాలన్నీ పట్టుకుని గేటు బయటికొచ్చాను. రోడ్డుకి అవతల వరసగా నాలుగు జిరాక్సు షాపులున్నాయి. ఎవరికివ్వాలో తోచక ఎండలో చాలాసేపు అలాగే నిలబడిపోయాను.